ఎలుకలకు వర్తించదు

రేణిగుంట రోడ్డు సర్వీస్ సెంటర్లో
ఏసీ చలికి పాపకు తుమ్ములు.
గాజు గోడ అవతల మా బండి
లిఫ్టు మీద, కాళ్ళు గాల్లో వేలాడేసి,
పొట్ట కింద ఇద్దరు దూరి తడుముతా ఉంటే
పశువుల డాక్టరు ముందర ఆవు మాదిరి
కిక్కురుమనకుండా ఉండాది.

"శుక్రవారంతో వారంటీ అయిపోతాది మేడం."
చెంగల్రాయులంట, మెళ్ళో ట్యాగు, చేతిలో ట్యాబు.
"ఇంకో రెండేళ్ళకు ఇరవై మూడు వేల ఎనిమిదొందలు.
ఈపొద్దే కడితే మ్యాట్లు ఫ్రీ."

నేను చిత్తూరులో, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో,
డబ్బాలకు తేదీలు కొట్టే మిషను కాడ పని చేస్తాను.
తోతాపురి మీద మూత బిగిసినాక
ఫలానా నెల దాకా మంచిదని
సిరా చుక్కలతో లోకానికి చెప్పేది నేనే.
తేదీ దాటిన డబ్బా ఒకటి ఓసారి పగలేసి
ప్యాకింగోళ్ళమంతా తాగినాం. ఏం కాలా.
తేదీ లోపలే ఉబ్బిపోయినవీ చూసినా.
అందుకే శుక్రవారమంటే నాకు భయం లేదు.
నమ్మకమూ లేదు.

చిన్నక్షరాలు చదవను మొదలుపెట్టినా.
బ్రేకు ప్యాడ్లకు వర్తించదు.
(కొండ దిగేటప్పుడు ఆ కాలిన వాసన?)
క్లచ్చి ప్లేటుకు వర్తించదు.
రబ్బరుకు, బల్బులకు, వైపరు బ్లేడ్లకు.
అరిగేది దేనికీ వర్తించదు.
"అరగనిది ఏముండాదబ్బా ఇందులో?"
పిల్లోడు నవ్వలేదు.
నవ్వకూడదని ట్రైనింగులో చెప్పుంటారు.

"మరి ఎలుకలు కొరికితే?"
"ఎలుకలకు వర్తించదు మేడం."

పోయిన కార్తీకంలో కొండ మీంచి వస్తా
పాప లడ్డూలో జీడిపప్పులు ఏరుకోని
మిగతాది సీటు సందులో దాచిపెట్టింది.
పది దినాలకు డ్యాష్‌బోర్డులో పసుప్పచ్చ దీపం.
ఏకాంబరం మెకానిక్కు బానెట్ ఎత్తితే
కొరికిన వైర్ల నడాన, పీకిన దూది పరుపు మీద
ఆరు పిల్లలు, ఎర్రగా, కండ్లు తెరవనివి.
వేస్టు గుడ్డలో పొదివి షెడ్డు వెనక్కి తీసకపోయినాడు.
ఏడు వేల రెండొందల బిల్లులో
ఆ పని రాయలేదు.
అప్పట్నించీ మునిశేఖర్ పొగాకు కాడలు కట్టగట్టి
ఇంజిను పక్కన వేలాడదీస్తాడు.
మూడేళ్ళ బండి
చుట్టలు తాగే ముసలాయన మాదిరి కంపు కొడతాది.

సరే, వద్దని చెప్పేదానికే నోరు తెరిచినా.
అంతలో భాకరాపేట ఘాటు గుర్తొచ్చింది.
వాన. మలుపు. స్టీరింగు రాయై పోయింది.
ఆయన రెండు చేతుల్తో, నేను పక్కనించి ఒక చేత్తో
ఎట్లో గుంజి గట్టుకు ఆనించినాం.
పాప నిద్ర లేవలేదు.
ముప్పై ఎనిమిది వేల పని. వారంటీలో పోయింది.
రూపాయి అడగలా.
ఆ చిన్నక్షరాలే ఆపొద్దు పెద్దగా కనిపించినాయి.

ఆయనకు ఫోన్ చేస్తే "నీ ఇష్టం" అన్నాడు.
భయమేసినప్పుడే ఆ మాటంటాడు.
నిరుడు మణికట్టు విరిగి పుత్తూరు కట్టుకు పోయినప్పుడూ అంతే,
గుడ్లసొన, ఆకు పసరు, వెదురు బద్దలు,
"మళ్ళా నొప్పొస్తే?" అని నేనడిగితే
కట్టేసినాయన చేతులు కడుక్కుంటా
"వస్తే రాండి" అన్నాడు.
కాగితం లేదు, సంతకం లేదు.
ఆ చేత్తోనే ఇప్పుడు గేరేస్తా ఉండాడు.

"ఒక ఏడాదికే రాయి నాయనా.
మ్యాట్లు వద్దు, గోనెసంచి ఉండాది."
"పదమూడు వేల ఆరొందలు మేడం."
పాప ట్యూషనూ, గ్యాసూ, చీటీ
మనసులోనే వరస మార్చుకున్నాయి.

ప్రింటరు గుర్రుమని కాగితం కక్కింది.
వెలుతురుకు ఎత్తి తేదీ చూసినా, అలవాటు కొద్దీ.
"హెడ్డు తుడిపీ బాబూ.
ఎనిమిది మూడు మాదిరి పడతాంది."

ఈసారి నవ్వినాడు.