గీతల పలక మీద ఏప్రిల్

లాసన్స్ బే నుంచి తెచ్చిన లీటరు సముద్రం
అయోడిన్ చుక్కలకి పల్చటి టీ అయింది.
రాత్రంతా కదపకూడదు.
చచ్చినవన్నీ అడుక్కి దిగాక
ఒక్క మిల్లీలీటరు తీసి
గీతల పలక మీద పరిచి
గడి గడికీ లెక్క.

పాత రిజిస్టర్లో నాకు ముందున్నావిడ చేతిరాత:
మార్చి ఆఖరు. దక్షిణపు గాలి.
అడుగు నీళ్ళు పైకి లేచాయి, చల్లగా.
వల చిక్కబడింది.
పక్కనే పెన్సిల్‌తో గాజు ఇళ్ళ బొమ్మలు,
పడవలు, పూసల దండలు, ఒక చక్రం.
ఈదడం రాని జీవులు.
గాలి కలియబెడితేనే వాటికి బతుకు.

ఈ ఏడు గాలి పదకొండు రోజులు పడిపోయింది.
కాచిన పాల మీద మీగడలా
వేడి నీరు పైన పేరుకుంది,
చలవంతా అడుగునే.
అకాలపు వాన ఒక్కటి మాత్రం
ఊళ్ళో గెడ్డలన్నీ కడిగి తెచ్చి పోసింది.
ఇక రాజ్యం ఈదగలవాళ్ళది:
నడుం చుట్టూ ఒక తోక, వెనక ఒక తోక.
గడికి మూడుండేవి
ముప్పై.

ఆ రాత్రి బీచ్ రోడ్డంతా జనం.
అల విరిగిన చోటల్లా నీలి మంట.
ఫోన్లు పైకెత్తారు, చంటిపిల్లల్ని పైకెత్తారు,
ఒక కుర్రాడు నీళ్ళు తన్ని తన్ని
పక్కనున్న పిల్లకి వెలిగించి చూపిస్తున్నాడు.
నాకూ అందంగానే ఉంది. అదే చిక్కు.
వెలిగినవి వేరు, విషమున్నవి వేరు.
నా పలక మీద ఉన్నవి
చీకట్లో చీకటిగానే ఉంటాయి.

తెల్లారి పెదజాలరిపేట దిగువన
సూరాడ కాసులమ్మ
రాళ్ళ మీంచి ఆల్చిప్పలు గీకుతోంది.
పది రోజులు అమ్మొద్దు, ఉడికించినా పోదది, అన్నాను.
"గంగమ్మకి ఒళ్ళు ఎచ్చబడిందని నాకు తెలీదేటి?
సలినీళ్ళు రానేదు, కవళ్ళూ రానేదు."
కత్తి ఆపలేదు.
"పది రోజులని ఎవరి లెక్క?"
నాదే.
"అయితే అమ్మీ,
నా పది రోజులు కూడా ఆ పలక మీద
ఓ గడిలో ఎయ్యి."

బుట్ట నీళ్ళలోకి వంచేసిందో లేదో
చూడటానికి నేను నిలబడలేదు.

మళ్ళీ లీటరు. మళ్ళీ పలక.
మూడు వందల పన్నెండు, పదమూడు...
కిటికీ తెర కదిలింది.
ఏ దిక్కుదో గాలి,
లేచి చూసి వచ్చేసరికి
ఏ గడిలో ఉన్నానో తప్పిపోయింది.

మొదటి గీత నుంచి మళ్ళీ.