తొమ్మిదో అంతస్తు మడి

ఒసాకాలో మా బీమా కంపెనీ మేడ మీద
తొమ్మిదో అంతస్తులో వరి ఉంది.
లిఫ్టు దిగి, బూట్లు విప్పి
తెల్ల చెప్పులు తొడుక్కుని వెళ్ళాలి దాని దగ్గరికి,
బాలింత గదికి వెళ్ళినట్టు.

కరెంటు రాత్రిపూట చవక.
అందుకని దాని సూర్యుడు సాయంత్రం ఏడింటికి పొడుస్తాడు,
తెల్లారి ఏడింటికి మీట నొక్కితే పోతాడు.
ఊరు దీపాలార్పుకున్నాక ఈ మేడలో
మెలకువగా ఉండేది మేం ముగ్గురమే:
వరి, వాచ్‌మన్ కురమోచి, తుడుపుకర్రతో నేను.

బురద లేదు. మొదట అదే మింగుడు పడలేదు నాకు.
షిమానేలో మా అమ్మ
పిక్కల దాకా దిగబడి నాట్లేసేది.
ఆ జలగలకీ, ఆ వంగిన నడుముకీ జడిసి
పదిహేనో ఏట నూలు మిల్లుకి పారిపోయాను.
ఇక్కడ వేళ్ళు గాజు తొట్టెల్లో వేలాడుతుంటాయి
తెల్లగా, చిక్కు తీసిన నూలులా.
ఎంత దూరం పరిగెత్తావే తజుకో, అని
నాలో నేనే నవ్వుకుంటాను.

కురమోచి ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపాడు. పొలం ఎరగడు.
ఆగస్టులో ఒక రాత్రి కంగారుగా పిలిచాడు:
"తజుకో గారూ, మొక్కలకేదో జబ్బు. కాడలు వాచాయి!"
తడిమి చూశాను.
"జబ్బు కాదయ్యా, పొట్టకొచ్చింది.
వారం తిరక్కుండా ఈనుతుంది."
అరవై ఎనిమిదేళ్ళ మనిషి
టోపీ తీసేశాడు.

ఈనింది.
రాత్రి పదకొండింటికి, దాని లెక్కన పొద్దెక్కిన వేళ,
పూత విచ్చుకునే ఆ గంటలోనే
తుఫానొచ్చి నగరాన్ని ఆర్పేసింది.
బయట వంతెన మీద లారీలు బోర్లాపడేంత గాలి.
అద్దానికి ఇవతల ఆకు కదలదు.
ఇక్కడ గాలంటే గోడకున్న నాలుగు ఫ్యాన్లే మరి.

"పుప్పొడి రాలాలంటే గాలుండాలి," అన్నాను.
అంతే,
కింద కౌంటర్లోంచి కాగితపు విసనకర్రల కట్ట తెచ్చాడు.
ప్రతి దాని మీదా కంపెనీ పేరు, కింద
"మీ రేపటికి మా పూచీ."
టార్చి పళ్ళ మధ్య పట్టుకుని అతను ఆ కొసనుంచి,
నేను ఈ కొసనుంచి
విసురుతూ, విసురుతూ,
ఒకరి ఊపిరి ఒకరికి వినబడేంత నిశ్శబ్దంలో.
వెలుగు గీతలో పసుప్పచ్చగా ఏదో లేచింది.
నలభై ఏళ్ళ ఈ పనిలో
నేను తుడవకుండా వదిలేసిన దుమ్ము అదొక్కటే.

సెప్టెంబరు చివర తెల్లకోట్లు వచ్చాయి. కోత. ఫోటోలు.
డైరెక్టరు కొడవలిని పెన్నులా పట్టుకున్నాడు.
కుర్ర ఇంజినీరు నిషిగాకి గింజలు లెక్కపెట్టాడు:
తాలు నూటికి ఆరు.
కిటికీ పక్క రెండు వరసల్లో మాత్రం నలభై.
తేడాకి కారణం: తెలియరాలేదు.
అలాగే రాసుకున్నాడు, పాపం.

మా ఇద్దరికీ చెరో అన్నం ముద్ద ఇచ్చారు, ఆకులో చుట్టి.
మెట్ల మీద కూర్చుని తిన్నాం.
"ఎలా ఉంది?" అన్నాడు.
మెతుకు మంచిదే. ఏదో తగ్గింది.
బురదేమో. చెప్పలేదు.

అతను కుడి మణికట్టు నొక్కుకుంటున్నాడు ఇంకా.
"ఆ రెండు వరసలకీ మన చేతులు చాల్లేదు కదూ," అన్నాడు.
కాసేపాగి,
"లిఫ్టు రిపేరు చేసే కుర్రాణ్ణి అడిగి ఉంచాను.
వచ్చే పూతకి వస్తానన్నాడు."