ఏడు పిక్కలు

నానమ్మ పోయి నలభై రోజులు దాటాక
అటక మీంచి రెండు డబ్బాలు దింపాను.
బిస్కెట్ల డబ్బా నిండా జీడిపిక్కలు,
వేళ్ళ జిడ్డు తాగి నున్నబడ్డవి.
డాల్డా డబ్బాలో ఏడే ఏడు.

అమ్మీ చెప్పింది.
పెళ్ళికి ముందు మూడేళ్ళు మీ నానమ్మ
కాశీబుగ్గలో బట్టీ పక్కన పిక్కలు కొట్టింది.
బల్ల మీంచి లేస్తే కూలి తెగేది.
ఆ మూడేళ్ళ అసర్ నమాజులు
పెంకులతో పాటు బల్ల కిందే రాలిపోయాయి.
ముసలితనంలో వంగి ఒక్కొక్కటే ఏరుకుంది.
ఒక ఖజా చదవడం,
ఆ డబ్బాలోది ఈ డబ్బాలో వెయ్యడం.

నాకు గుర్తే ఆ చప్పుడు.
ఇషా అయ్యాక చీకట్లో, టక్ మని.
ఎలకేమో అనుకునేవాణ్ణి చాలా రోజులు.

పెద్దయ్యాక ఒకసారి అన్నాను,
"సేటు ఒగ్గలేదు కదా, నీ తప్పేటి?"
"సేటు నా సెయ్యట్టుకున్నాడేట్రా గుంటడా?
కూలి లెక్క సూసుకున్నాను,
ఆయన లెక్క నానే ఒగ్గీసినాను."

సొన కాలిన నల్ల చేతులవి.
వజూకి ముందు బూడిదతో, కొబ్బరి పీచుతో
గీరి గీరి తోమేది,
నీల్లు తోలుకి తగలాల, అని.

నా చేతులకి ఏ మరకా లేదు.
పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ గుమాస్తాని నేను.
గుండు, బద్ద, ముక్క, వేటి పద్దు వాటికి.
ఒక్క డబ్బా తేడా వస్తే
రాత్రి పదకొండైనా కుర్చీ కదలను.
అజాన్ వినబడుతుంది.
వాకిట్లో లోడు లారీ.
లారీకి తొందర, అల్లాకేం తొందర, అనుకుంటాను.
జుమ్మాకి మాత్రం అత్తరు రాసుకుని వెళ్తాను.
పండగనాడు ముందు వరసలో ఉంటాను.

ఆ ఏడు పిక్కలూ జేబులో వేసుకుని
పేషిమాం సాబు దగ్గరకి వెళ్ళాను.
వజూఖానాలో కారే కుళాయికి గుడ్డ చుడుతున్నాడాయన.
"ఈ ఏడూ నేను చదివేస్తాను" అన్నాను.
"ఒకరి నమాజు ఇంకొకరు చదవరు ఇనాయతూ.
ఒక్కోదానికి ఇంత అని గోధుమలు పేదలకివ్వు.
కబూలు చేసేది పైవాడు."
ఫ్యాక్టరీ కాటా మీదే తూచాను.
ఏడు పొట్లాలు, పది నిమిషాల పని.

మళ్ళీ వెళ్ళాను.
"మరి నావో?" అన్నాను, నవ్వుతూ, బేరమాడినట్టు.
ఆయన నవ్వలేదు.
"ఆ కాటా పోయినవాళ్ళకి. నీకు కాళ్ళున్నాయి.
గుమాస్తావి కదా, నీకు తెలీనిదేముంది,
అక్కడ మొదట విప్పేది ఈ ఖాతానే."
కుళాయి ఇంకా కారుతూనే ఉంది.

ఆ రాత్రి పద్దు పుస్తకం వెనక పేజీలో
పెన్సిలుతో వేశాను.
పద్నాలుగో ఏడు నుంచి నలభై ఒకటి దాకా,
రోజుకి ఐదు.
జుమ్మాలు తీసేశాను.
జ్వరాలు తీసెయ్యబోయి, ఆగాను.
నలభై ఏడు వేల పైచిలుకు.
కిలోకి నూట ఎనభై పిక్కలు తూగితే
మూడు బస్తాలు దాటింది.
ఇన్నేళ్ళుగా లోడింగు చేయించిన వీపుని,
మూడు బస్తాలంటే ఎంతో నాకు తెలుసు.
ఎవరూ మొయ్యకుండా, ఎవరూ అడగకుండా
అవి నా ఇంట్లోనే ఉన్నాయన్నమాట,
నేను వాటి మీదే తల పెట్టి పడుకున్నానన్నమాట.

తెల్లారుజామున లేచాను.
హౌరా బండి ఊరు దాటుతోంది.
రెండు రకాతులు.
మధ్యలో బిల్లు నంబరొకటి గుర్తొచ్చింది.
అత్తహియ్యాత్‌లో ఒక మాట తప్పి
మళ్ళీ వెనక్కి వెళ్ళి పట్టుకున్నాను.
అది ఈ రోజుది, బాకీలోది కాదు.
బాకీ కోసం ఇంకో రెండు.

పిక్క విసిరాను.
డబ్బా తగల్లేదు, మంచం కిందకి దొర్లిపోయింది.
చీకట్లో మోకాళ్ళ మీద వంగి
నేలంతా తడుముతున్నాను.
వాకిట్లో లారీ హారను.
"అబ్బా, డ్రైవరు పిలుస్తున్నాడు" అంది ముబీనా.

ఆగమన్నాను.