కొలతల పుస్తకం

వారాసిగూడ నాలా పక్క సందుల
ముప్పై ఏండ్ల సంది నాది కుట్టుమిషను.
జబ్బ ఎంత, నడుము ఎంత, మెడ లోతు ఎంత,
అన్నీ ఒక్క నోటుబుక్కుల రాసుకుంట.
పావు ఇంచు తప్పితే
పెండ్లి తెల్లారొచ్చి కొట్లాడుతరు మనుషులు.
కొట్లాడాలె గద మరి, పైసలిచ్చినోళ్లు.

మొన్న బోనాల వానకు నాలా ఇంట్లకొచ్చింది.
మిషను తొక్కుడు పలక దాంక నల్లనీళ్లు.
గౌలిగూడ పెండ్లిపిల్ల లెహెంగా
తేలుకుంట పొయ్యి తలుపుకు తట్టుకున్నది.
"గోడ కట్టినం గదమ్మా" అన్నడు వార్డు ఆఫీసు పిలగాడు.
ఏడ?
"రికార్డుల ఉన్నది."

పది రూపాయల స్టాంపు అతికించి
దరఖాస్తు రాసిపెట్టింది ఇంటర్ చదివే జీనత్.
ముప్పై దినాలు. మీద ఇంకో పదకొండు.
ఫైలు దొరుకుతలేదన్నరు.
పైకి అప్పీలు పెడితే దొరికింది.
జిరాక్సు కాయితం నెత్తి మీద పెద్దక్షరాలు:
కొలతల పుస్తకం.

నవ్వొచ్చింది. వాళ్లకూ ఒకటున్నది!
అండ్ల గోడ పొడుగు రెండువందల పది మీటర్లు.
కింద సంతకం, తారీఖు, బిల్లు ముట్టినట్టు ముద్ర.

ఐతారం పొద్దుగాల టేపు మెడలేసుకొని బయల్దేరిన.
అరవై ఇంచుల గుడ్డటేపు.
ఈ కొస జీనత్, ఆ కొస నేను,
సుద్దముక్కతోని గీతలు పెట్టుకుంట పాలప్యాకెట్ల నర్సింగు.
ఇరవై దాటేసరికి సందంత బయటికొచ్చి లెక్కందుకున్నది,
సగం తెలుగుల, సగం ఉర్దూల.
యాభై మూడు కాడ కొట్లాట. మళ్ల మొదటి నుంచి.
ఎనభై నాలుగు టేపులకు గోడ అయిపోయింది.
నాలా అయిపోలేదు.
జీనత్ ఫోన్ల గుణించి నూట ఇరవై ఎనిమిది మీటర్లన్నది.
కడమ ఎనభై రెండు మీటర్ల గోడ
కాయితం మీదనే తడారుతున్నది.

రాసుకున్న,
పోశవ్వ రవికెకూ సుల్తానా కుర్తాకూ నడుమ:
నాలా గోడ. పొడుగు 128.

వార్డు సభల నిలబడి అదే చదివిన.
చేతులు వణికినయి, అబద్ధమెందుకు.
ఇంజనీరు సారు కండ్లద్దాలు తీసి
"నువ్వెవరమ్మా?" అన్నడు.
ఛాతి నలభై రెండు, కుడి భుజం కొంచెం జారుడు.
చూడంగనే తెలిసింది. చెప్పలేదు.
"టైలర్‌ను సార్."

"గుడ్డటేపు సాగుతది" అన్నడు.
నిజమే సార్, సాగుతది.
ఎనభై రెండు మీటర్లు సాగది.

మళ్ల కొలిపిస్తమన్నరు. చూస్తమన్నరు.
ఏ దినం? ఎన్ని గంటలకు?
రాసియ్యుండ్రి.
మీ ఇనుపటేపే తీసుకరాండ్రి.
రెండో కొస నేను పట్టుకుంట.