జూన్ మంచులో నాలుగు పాదాలు

జూన్ నెలలో మా కొండమీద
రాత్రి కూడా ఒక పనిముట్టే.
కొడవలిని వాడుకున్నట్టే దాన్నీ వాడుకుంటాం.

పొద్దుగూకే వేళ ఎండుగడ్డి మీద
బంగాళాదుంపలు పరుస్తాం.
తెల్లారేసరికి రాళ్లవుతాయి.
ఎండ తగిలాక మెత్తబడతాయి.
అప్పుడు వట్టికాళ్లతో తొక్కాలి,
లోపలి నీరంతా కారిపోయేదాకా.
అలా ఎండిన దుంపని చూన్యో అంటాం.
ఏళ్లకేళ్లు నిలవుంటుంది.

నికాసియో, ఫొర్తునాతా
మా పక్క చేను వాళ్లు.
వాళ్ల కళ్లం నుంచి చూస్తే
దూరంగా తీతీకాకా సరస్సు
బోర్లించిన పళ్లెంలా మెరుస్తుంది.
నాకు ఊహ తెలిసినప్పటినుంచీ అక్కడ
నాలుగు పాదాలే చూశాను.
అతనివి వెడల్పు, మడమల నిండా బీటలు.
ఆమె ఎడమకాలికి చిటికెనవేలు లేదు.
కాపురానికొచ్చిన ఏడే
కాలినాగలి కర్రు తగిలి పోయిందట.
కాలు నువ్వే అడ్డం పెట్టావని అతను,
కర్రు నువ్వే తప్పేశావని ఆమె.
యాభై రెండేళ్లుగా
ఇద్దరి కుందేళ్లకూ మూడే కాళ్లు.

దుక్కి రోజుల్లో అతను కర్రు మీద బరువేసి
నేలని పైకి లేపితే
ఆమె వంగి ఆ పెళ్లని చేత్తో తిరగేసేది.
ఆ పని ఒక్కరివల్ల అయ్యేది కాదు.
మా ఊరి పద్దు పుస్తకం నా దగ్గరే ఉంటుంది.
నీటి వంతు గాని, పండగ పెద్దరికం గాని
ఒక పేరు రాస్తే సరిపోదు,
పక్కన జోడీ పేరు పడాలి.

పదమూడేళ్ల కిందట
వాళ్లిద్దరికీ మాటల్లేవు.
ఆమెనడక్కుండా లామాను అమ్మేశాడు,
గోధుమరంగుది, చెవి చిరిగింది.
ఏడాది పొడుగునా కుక్కతోనే మాట్లాడారు.
"ఆయనతో చెప్పు, గంజి చల్లారిపోతోందని."
"ఆవిడతో చెప్పు, ఉప్పు మర్చిపోయిందని."
కుక్క ఇద్దరినీ చూసి చూసి
పొయ్యి పక్కన ముడుచుకునేది.
ఆ ఏడు కూడా దుంపలు తొక్కారు
ఒకే కుప్ప మీద, వీపుకు వీపు ఆనించి.
మంచులో జారకుండా ఉండాలంటే
ఆనుకోక తప్పదు మరి.

ఈ జూన్‌లో నికాసియో మోకాలు మొరాయించింది.
పొంచో కప్పుకుని రాతిగోడ మీద కూర్చున్నాడు.
ఆమె ఒక్కతే కుప్పెక్కింది.
"నా పిల్లల్ని పంపనా?" అన్నాను.
"కుప్ప చిన్నదేగా," అంది.
చిన్నదేం కాదు.

"ఎడమవైపు ఇంకా నీరుంది," అన్నాడు గోడమీంచి.
"నీకెలా తెలుసు?"
"చప్పుడు."

మూడోనాడు దిగి వచ్చాడు.
కుప్ప అంచున చతికిలబడి
ఒక్కో దుంపనీ అరచేతుల మధ్య పిండసాగాడు.
"చేతుల్తో తొక్కేవాణ్ని ఇప్పుడే చూస్తున్నా!"
"కాళ్లు నీవి, చేతులు నావి. లెక్క సరిపోయింది."
"లెక్కలు నువ్వే చెప్పాలి,
లామాను ఎంతకమ్మావో గుర్తుందా?"
అతను నవ్వాడు.
నోట్లోంచి ఆవిరి వచ్చింది, జవాబు రాలేదు.

పని సగమయ్యాక ఆమె వచ్చి కూర్చుంది,
నీలంగా మారిన కాలు
అతని ఒళ్లో పెట్టి.
పొంచో చెంగుతో తుడుస్తున్నాడు.
వేలు లేని చోట
అతని బొటనవేలు ఆగింది.

"కర్రు నేనే తప్పేశాను," అన్నాడు.

ఆమె సరస్సు వైపు చూసింది.
కాసేపటికి రెండో కాలు కూడా చాపింది.
"దీన్ని కూడా తుడువు," అంది,
"ఇదీ నాదే."

నేను ఇటు తిరిగి
నా కుప్ప మీదికెక్కాను.
నా పెళ్లాం సంతకెళ్లింది.
ఆ పొద్దున రెండుసార్లు జారాను.