టెస్టు ల్యాంపు

రాణిగంజ్‌ల బందగీ ఉస్తాద్ దుకాణం
ఆరడుగుల పొడుగు, నాలుగడుగుల వెడల్పు.
మిగిలిన దుకాణమంత ఫుట్‌పాత్ మీదనే.
కాలిన వార్నిష్ వాసన నా చున్నీకి పట్టి
సిటీ బస్సుల పక్క సీటామె
ముక్కు మూసుకునేది.

మొదటి దినం ఒక ఫ్యాను ముందర వెట్టి అడిగిన:
"ఉస్తాద్, ఇది ఎందుకు తిరుగుతలేదు?"
పాన్ నములుడు ఆపకుండనే అన్నడు:
"గది గిరాకీ అడిగే మాట.
గిరాకీ పైసలిస్తడు.
నువ్వేమిస్తవ్?"

కోపమొచ్చింది.
ముప్పై నాలుగేండ్లకు పని నేర్వొచ్చిన ఆడమనిషికి
ఇంత కారం ఎందుకనిపించింది.
ఆ పొద్దు తెప్పిచ్చిన చాయ్ ముట్టలే.

రెండో వారం, ఎన్ని చుట్లు చుట్టాలె అన్న.
"పాత తీగకు తెలుసు. దాన్నడుగు."
మాడిన చుట్ట విప్పుకుంట, లెక్కవెట్టుకుంట
నూట నలభై కాడికి వస్తే
లారీ హారన్ కొట్టింది.
మళ్ల ఒకటి నుంచి.
మూడొందల ఇరవై.
చెయ్యి మీద పెన్నుతోని రాసుకున్న.
ఎవరన్న నోటితోని చెప్తే
ఇల్లు చేరేలోపే మర్చిపోతుంటి.

రానురాను నా మాటలు తగ్గినయి.
భయంతోని కాదు.
అడగబోయే ముందు వేలు పెట్టి చూస్తే
సగం ప్రశ్నలు అక్కడ్నే రాలిపోతున్నయి,
పాత ఇన్సులేషన్ కాగితం లెక్క.
మిగిలినవి మొండివి.
వాటిల ఒకదాన్ని పట్టుకొని పోయిన:

"చేత్తోని తోస్తే తిరుగుతున్నది,
ఇడిస్తే మూలుగుతున్నది.
కెపాసిటర్ మార్చిన, అదే మూలుగు.
రన్నింగ్ చుట్టకు ల్యాంపు వెలిగింది,
స్టార్టింగ్ చుట్టకు వెలగలే.
తెగింది జాయింట్ కాడనా, లోపలనా,
మొత్తం విప్పకముందే ఎట్ల పట్టాలె?"

ఉస్తాద్ పాన్ ఉమ్మేసి వచ్చిండు.
స్టూలు నా దిక్కు జరిపిండు.
గంటన్నర చెప్పిండు.
ఆ గంటన్నర
ఇప్పటికీ నా వేళ్లకు యాదికున్నది.

టెస్టు ల్యాంపుకు రెండు తీగలు.
ఒక్కటే తాకిస్తే ఏం కాదు.
తెలిసినకాడ ఒకటి,
తెల్వనికాడ ఒకటి,
రెండూ ఆనాలె.

ఆ ఎండకాలం భోలక్‌పూర్ ఎల్లుబాయి
అదే ఫ్యానును మూడోపారి
ఆటోల ఏసుకొని వచ్చింది.
ఉస్తాద్ తన చేతినే తిట్టుకుంట
ఈసారి తీగ గేజి మారుస్తనన్నడు.
నేను ఎల్లుబాయి దిక్కు తిరిగిన:
"అవ్వా, మీ ఇంట్ల బల్బులు గూడ ఊకె పోతయా?"
"నెలకొకటి బిడ్డా.
ఇప్పటి బల్బులు మంచిగుంటలేవు."

కత్తెర ఆగింది.

అర్ధగంటల ముగ్గురం ఆమె మీటరు ముంగట.
డబ్బల న్యూట్రల్ తీగ
నల్లగ మాడి, వదులై,
పిల్లల పన్ను లెక్క ఊగుతున్నది.
"ఇరవై ఏడేండ్లు ఫ్యాన్లనే అడిగిన,
ఒక్క ఇంటిని అడగలే" అన్నడు ఉస్తాద్.
తిరిగొచ్చేటప్పుడు
ఇంకో మాట మాట్లాడలే.

ముషీరాబాద్ చౌరస్తాల ఇరానీ హోటల్‌ల
రెండు చాయ్ చెప్పి కూసున్నడు.
"ఆ సవాల్ నీకెట్ల తట్టింది?"

ఎనిమిది నెలల్ల
ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న.
చాయ్ మీద మీగడ కట్టేదాక చూసిన.

"ముందుగాల
మీరేం చూసిన్రో చెప్పున్రి ఉస్తాద్" అన్న.