తిల్ల

పాటొచ్చి నీళ్ళు లాక్కుపోయింది.
నావ బురదలో కూర్చుంది, విరిగిన గెడతో నేను.
"ఏడుపెందుకురా, అడివుంది కదా" అంది కాసులత్త.

ఆకు అడుగున నాలిక పెట్టించింది.
ఉప్పగా తగిలితే మడ:
పొగెక్కువ, మంట తక్కువ, దోమలకి మంచిది.
వేళ్ళ మీద నిలబడ్డది పొన్న. గెడకి అదే.
మొలకలు వేలాడే కొమ్మ జోలికి మాత్రం పోకు.
నార కావాలంటే గట్టెక్కాలి, గంగరావి కోసం.

కత్తి నాది. చూపు ఆవిడది,
ఒంటికంటి చూపు.

పాయ వంపులో ఇంకో చెట్టు,
ఎర్రటి ఆకులు రాల్చుకుంటా,
పొయ్యిలోకి పుల్ల అందేంత దగ్గర.
చెయ్యి చాచాను.
మణికట్టు మీద ఆ పట్టు
ఇప్పటికీ సలుపుతుంది.

"తిల్ల" అంది. అంతే.
పాలు ఎలా చిమ్మాయో, అది ఏ ఏడో,
కత్తి ఎవరి చేతిలో ఉందో
ఏదీ చెప్పలేదు.
తెల్లబడ్డ కన్ను నా వైపు తిప్పి
కాసేపు అలాగే ఉంచింది.

అర్ధరాత్రి పోటుకి నావ కదిలింది.
పచ్చి గెడ బరువు,
అరచేతుల నిండా పొన్న బెరడు ఎరుపు.
కోరింగ దీపాలు కనబడేదాకా
ఆవిడ అనియంలో కూర్చుని
చీకట్లో చెయ్యి ముంచి లోతు చెప్పింది.
నేను తోశాను.